సవరణ: ఎర్నీ బ్యాంక్స్ ఓడిపోలేదు, అసలు ఆడనే లేదు

అమెరికా బేస్‌బాల్‌లో రెండు లీగ్‌ల విజేతలు తలపడే టైటిల్ పోరు వరల్డ్ సిరీస్; గెలిచిన జట్టు ఆటగాళ్లకు ఉంగరాలిస్తారు. “వరల్డ్ సిరీస్‌లో ఓడి, ఉంగరం లేకుండా రిటైరైన దిగ్గజాలు” అంటూ మొన్నటి పోస్టులో టెడ్ విలియమ్స్, ఎర్నీ బ్యాంక్స్, బారీ బాండ్స్ పేర్లు ఒకే వరసలో ఇచ్చాను. అందులో “ఓడి” అన్న మాట బ్యాంక్స్‌కు వర్తించదు. 1953 నుంచి 1971 దాకా చికాగో కబ్స్‌కే ఆడిన ఆయనకు ప్లేఆఫ్ మ్యాచ్ (సీజన్ ముగిశాక టైటిల్ కోసం ఆడేది) ఒక్కటీ దక్కలేదు. 512 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) కొట్టాడు, 1958, 1959లో వరసగా ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అయినా జట్టు లీగ్ గెలవలేదు. 1968 వరకు లీగ్‌లో మొదటి స్థానం వస్తేనే వరల్డ్ సిరీస్ మరి! 1977లో ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి మాత్రం అర్హత వచ్చిన మొదటి ఏడాదే ఎన్నికయ్యాడు.

మిగతా ఇద్దరి కథా ఒకటి కాదు. విలియమ్స్ 1946 వరల్డ్ సిరీస్‌లో నిజంగానే తడబడ్డాడు, సగటు .200, అంటే పది ప్రయత్నాల్లో రెండే హిట్లు. బాండ్స్ 2002 సిరీస్‌లో 4 హోమ్ రన్లు బాది, .471 సగటుతో ఆడినా అతని జట్టు జయంట్స్ చివరిదైన ఏడో మ్యాచ్‌లో ఏంజెల్స్ చేతిలో ఓడింది. ఇంకేం చేయాలి పాపం? తొమ్మిది మంది వంతులవారీగా బ్యాటింగ్ చేసే ఆటలో ఒక్కడికి మ్యాచ్‌కి నాలుగైదు అవకాశాలే. క్రికెట్‌లోలా రోజంతా క్రీజులో పాతుకుపోవడం కుదరదు.

పోస్టులో “ఓడి” అన్నచోట “గెలవకుండా” అని మార్చాను.