బడి మార్చే ముందు పిల్లల నోటుబుక్కులు తెరవండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలా ఇళ్లలో ఒకటే చర్చ: ఈ ఏడు పిల్లల్ని ఏ బడిలో వేద్దాం? ఫీజు, బస్సు, ఏసీ గది, ఫౌండేషన్ కోర్సు, ఫ్లెక్సీల మీద ర్యాంకులు అన్నీ మాట్లాడుకుంటారు. పాత బడిలో పిల్లకి ఏ పాఠం దాకా వచ్చింది, కొత్త బడి ఎక్కడ మొదలుపెడుతుంది అన్న మాట మాత్రం రాదు. దసరా సెలవులకి ముందు మార్కులు పడిపోతే "ఇంకా అలవాటు పడలేదు" అంటారు, సంక్రాంతికి "శ్రద్ధ లేదు" అంటారు. పిల్లల మీద ఈ నింద వెయ్యడం అన్యాయం. చాలాసార్లు జరిగేది ఒక్కటే, మధ్యలో కొన్ని పాఠాలు జారిపోయాయి. అవేవో ఎవరూ వెతకలేదు.

లెక్కలే తీసుకోండి. సీబీఎస్‌ఈ బడుల్లో ఆరో తరగతికి 2024లో ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకం గణిత ప్రకాశ్ వచ్చింది. అందులో బీజగణితం పాఠం లేదు, నిష్పత్తి అనుపాతం లేదు. మొదటిది ఏడులోకి, రెండోది ఎనిమిదిలోకి జరిగాయి. తెలంగాణ స్టేట్ సిలబస్‌లో ఈ రెండు పాఠాలూ ఆరులోనే ఉన్నాయి. ఏడులో సామాన్య సమీకరణాలు, నిష్పత్తి ఉపయోగాలు వాటి మీదే నడుస్తాయి. సీబీఎస్‌ఈలో ఆరు బాగా చదివిన పిల్ల స్టేట్ సిలబస్ ఏడులో చేరితే x అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే సమీకరణం సాధించమంటారు. ఆ పిల్ల బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటుంది. నోటుబుక్కు చూసి టీచరూ, ఇంట్లోవాళ్లూ అంతా బాగుందనుకుంటారు.

అటునుంచి ఇటు వస్తే ఒకటి, ఇటునుంచి అటు వెళ్తే ఇంకొకటి. స్టేట్ సిలబస్ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. సీబీఎస్‌ఈ బడులు చాలావరకు మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో కొత్త తరగతి మొదలుపెట్టి, కొన్ని పాఠాలు చెప్పాకే వేసవి సెలవులిస్తాయి. జూన్‌లో చేరిన పిల్లాడు మొదటి రోజునుంచే వెనక. ఇక హిందీ. సర్కారు బడిలో ఆరో తరగతిలో అక్షరాలు దిద్దుతారు, ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల చిన్న తరగతుల్లోనే మొదలవుతుంది. ఐదు దాకా ఊరి బడిలో చదివి ఆరులో ప్రైవేటుకి వెళ్లిన పిల్లకి అందరూ వ్యాసం రాస్తుంటే తనకి గుణింతం కూడా రాదు. మీడియం మారితే భారం ఇంకా పెరుగుతుంది. లవం, హారం అంటే చక్కగా చెప్పే పిల్ల న్యూమరేటర్ అనగానే బిక్కమొహం వేస్తుంది, లెక్క వచ్చినా సున్నా పడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఇంట్లో పెట్టుకోండి, కొత్త బడి వాడకపోయినా సరే.

మారక తప్పదనుకుంటే ఐదు నుంచి ఆరుకి వెళ్లేటప్పుడు మారండి. అక్కడ ఎలాగూ ప్రాథమిక బడి అయిపోతుంది, తరగతిలో చాలామంది కొత్తవాళ్లే, టీచర్లు కూడా, హిందీ లాంటివి తప్పిస్తే, చాలావరకు మొదటినుంచి చెప్తారు. అన్నిటికన్నా చేటు తొమ్మిది మధ్యలో మార్పు. కొన్ని ప్రైవేటు బడులు డిసెంబరు కల్లా తొమ్మిదిని ముగించామనిపించి పది సిలబస్ ఎత్తుకుంటాయి. దసరా తర్వాత అలాంటి బడిలో చేరిన పిల్లాడికి తొమ్మిది సగమే చేతికొస్తుంది. బహుపదులు, నిరూపక జ్యామితి రాకుండా పది లెక్కలు ఎలా చేస్తాడు?

మారాక మొదటి వారంలోనే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకైతే నాలుగు లెక్కలు చాలు: 403 నుంచి 178 తీసెయ్యమనండి, 612ని 6తో భాగించమనండి, 3/4కి 1/6 కలపమనండి, 2.5ని 0.4తో గుణించమనండి. జవాబు తప్పయితే ఎలా తప్పిందో చూడండి, అందులోనే అంతా ఉంది. 612ని 6తో భాగించి 12 అని రాస్తే భాగహారం రాక కాదు, మధ్యలో సున్నా వెయ్యాలని తెలియక. స్థానవిలువల దగ్గర లోటు, నాలుగో తరగతి పాఠం. 3/4, 1/6 కలిపి 4/10 అంటే భిన్నం అంటే ఏమిటో అసలు పట్టుబడలేదు. క.సా.గు. కంఠస్థం చేయించి లాభం లేదు, కాగితం మడిచి చూపించాలి. తర్వాత రెండు తరగతుల కింది తెలుగు పుస్తకంలో ఒక పేరా పైకి చదివించండి. ఒత్తుల దగ్గర ఆగుతుంటే సాంఘికశాస్త్రంలో మార్కులు ఎందుకు రావట్లేదో అక్కడే తెలిసిపోతుంది. దొరికిన లోటుల పట్టిక పట్టుకుని క్లాస్ టీచర్‌ని కలవండి. "మా వాడు వీక్ సార్" అంటే ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు. "భిన్నాల కూడిక రాదు సార్" అంటే ఉంది.

పిల్లలు ఎక్కువగా మారే బడిలో కదలనివాళ్లు కూడా నష్టపోతారు. అమెరికాలోని టెక్సాస్ విద్యార్థుల మీద హనుషెక్, కేన్, రివ్‌కిన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇదే. మన దగ్గర ఈ మార్పుల భారాన్ని నిలువెల్లా మోసేది వలస ఊళ్లు. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకి కుటుంబాలు కదిలితే పిల్లలకి ఆ ఏడు రెండో సగం చదువంతా పోతుంది. అయినా పై తరగతికి వెళ్తారు, ఖాళీ అలాగే ఉంటుంది. పెద్దవాళ్లు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు వలస మొదలవ్వకముందే తెరవాలి. కుటుంబాలు బస్సెక్కాక తెరిస్తే ఎవరికి?

కాగితాల సంగతి. ఫీజు బకాయి ఉందని టీసీ ఆపే బడులున్నాయి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం, ఎనిమిదో తరగతి దాకా పిల్లలు సర్కారు బడికో, సర్కారు సాయంతో నడిచే ఎయిడెడ్ బడికో మారుతుంటే హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ఆ కొత్త బడి చేర్చుకోకపోవడమూ కుదరదు. టీసీతో పాటు 11 అంకెల పెన్ నంబరు, అంటే బడి మారినా మారని పిల్ల శాశ్వత నంబరు, రాయించుకోండి. బడుల, పిల్లల వివరాలు నమోదయ్యే యూడైస్ అనే ఆన్‌లైన్ రికార్డులో పాత బడి పేరుని డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలినవాళ్ల జాబితాలో) పెడితేనే కొత్త బడి లాక్కోగలదు. పాత బడి పెట్టకపోతే పిల్ల అక్కడే చదువుతున్నట్టు రికార్డుల్లో ఉండిపోతుంది. ఆగస్టు లోపే కొత్త బడి ఆఫీసులో అడిగి, పేరు తమ లాగిన్‌లోకి వచ్చిందో లేదో కంప్యూటర్లో చూపించమనండి.