ఉత్తర చూసి ఎత్తర గంప
కార్తెల సామెతల మీద మీరు రాసిన వ్యాసంలో ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ దగ్గరే ఆపేశారు. నాకైతే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ వింటే గుండె కలుక్కుమంటుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే కార్తె. ఉత్తర కార్తె వచ్చేది సెప్టెంబర్ మధ్యలో. అప్పటికీ చెరువులోకి నీళ్లు రాకపోతే ఆ ఏడు వరి లేనట్టే. గిన్నెలు, పాత దుప్పటి గంపలో సర్దుకుని పని దొరికే ఊరికి పోవడమే. మా అవ్వ అలాంటి గంపను పేడతో అలికి చివరిదాకా అటక మీదే ఉంచుకుంది. దీనికి రెండో సగం ‘విశాఖ చూసి విడవర కొంప’. విశాఖ కార్తె నవంబర్‌లో. ఈశాన్య రుతుపవనాల మీద ఆశ కూడా అడుగంటాక, ఇక ఇల్లే వదలడం. దయచేసి ఈ రెండూ వ్యాసంలో చేర్చండి.