పాండా కాయిన్‌లో బంగారం కొంటున్నామా, బొమ్మ కొంటున్నామా?

చైనా గోల్డ్ పాండాలు (పాండా బొమ్మ ఉండే బంగారు కాయిన్లు) పోగేసేవాళ్లని "ఇది ఇన్వెస్ట్‌మెంటా, సరదానా?" అని అడిగితే చాలామంది రెండూ అనేస్తారు. నాకు ఆ "రెండూ" మీదే అనుమానం.

దక్షిణాఫ్రికా క్రూగెర్‌రాండ్, కెనడా మేపుల్ లీఫ్ లాంటి బంగారు కాయిన్లు చూడండి, ఏ ఏడాది కాయినైనా ముఖం దాదాపు ఒకటే కాబట్టి కొనేవాడు బరువు చూస్తాడు, ఆ రోజు రేటు చూస్తాడు, అంతే. 1982లో చైనా ఈ కాయిన్ల రంగంలోకి దిగినప్పుడు ఒకవైపు బీజింగ్ టెంపుల్ ఆఫ్ హెవెన్‌ని ఉంచి, రెండోవైపు పాండా బొమ్మని ఏటా మార్చడం మొదలుపెట్టింది. కిటుకంతా అందులోనే ఉంది. బంగారం పాతదే, బొమ్మ కొత్తది, ఒక్క ఏడాది తప్పినా సెట్‌లో ఖాళీ కనిపిస్తుంది, ఆ ఖాళీ నింపడానికి మనిషి బంగారం రేటు మీద ఎంతైనా పెడతాడు.

ఈ సంగతి బాగా బయటపడింది 2002లో. 2001 బొమ్మనే ఆ ఏడాది కూడా వేశారు, ఇకపై అదే ఉంచేద్దామనుకున్నారు. పోగేసేవాళ్లు గోల పెట్టారు. 2003కల్లా మళ్లీ కొత్త పాండా వచ్చేసింది! నిజంగా బంగారం కోసమే కొనేవాళ్లయితే బొమ్మ మారకపోతే గొడవెందుకు చెప్పండి?

తూకం దగ్గర ఇంకో తిరకాసు. 2015 దాకా ఇవి ఔన్సు లెక్కలో వచ్చాయి, 2016 నుంచి గ్రాముల్లోకి మారాయి. ఔన్సంటే 31.1 గ్రాములు, దాని స్థానంలో వచ్చింది 30 గ్రాములు, అంటే గ్రాము పైనే తగ్గింది. పావు ఔన్సుది మాత్రం 7.78 నుంచి 8 గ్రాములకు పెరిగింది (మన లెక్కలో సరిగ్గా కాసు). పాత కాయిన్ రేటునీ కొత్త కాయిన్ రేటునీ పక్కపక్కన పెట్టి "కొత్తది చవక" అనుకునేవాళ్లు ముందు గ్రాముకెంతో భాగించి చూసుకోవాలి. 2015 కాయిన్ల మీదైతే బరువు, స్వచ్ఛత అసలు ముద్రించనేలేదు. బులియన్ (బరువు లెక్కన అమ్మే బంగారం) అని అమ్మేదాని మీద బరువే లేకపోవడమేంటో! మరుసటి ఏడాది మళ్లీ వేశారనుకోండి.

అమ్మేటప్పుడు అసలు టెన్షన్. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టుంటుంది. బొమ్మకి కట్టిన ఎక్స్‌ట్రా డబ్బు తిరిగి రావాలంటే అదే బొమ్మ కావాల్సిన ఇంకో పిచ్చోడు దొరకాలి, మన ఊళ్లో బంగారం కొట్టువాడు అది ఏ ఏడాది పాండా అని అడగడు, కత్తిరించి కరిగిస్తే ఎంతొస్తుందో అదే చెబుతాడు. పైగా నకిలీలు బోలెడు. ప్లాస్టిక్ కవర్‌లో సీల్ చేసి ఉంది కదా అని ధీమా వద్దు, కవర్‌ని కూడా నకిలీ చేస్తారు. కవర్ విప్పి తూచి చూద్దామంటే, అద్దంలా మెరిసే ఆ నేపథ్యం మీద వేలిముద్ర పడిందా, పోగేసేవాడి దగ్గర రేటు పడిపోతుంది.

సరదాకైతే కొనండి, పాండాలు ముద్దొస్తాయి, కాదనను. పిల్ల పెళ్లికని దాచేవాళ్లు మాత్రం బొమ్మకి డబ్బు కట్టకండి.