ప్రొఫెసర్ గారి సగటు మార్కుల కథలో ఏది సోషలిజం?

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న కథ ఇది. ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ దగ్గర విద్యార్థులు సోషలిజమే మంచిదని వాదించారట. అయితే ఇకనుంచి అందరి మార్కులూ కలిపి, సగటు తీసి, అందరికీ అదే గ్రేడు ఇస్తానన్నాడట ఆయన. మొదటి పరీక్షలో అందరికీ బి, ఎలాగూ సగటే వస్తుందని కష్టపడేవాళ్లూ చదవడం మానేయడంతో తర్వాత డి, మూడోసారి క్లాసంతా ఫెయిల్. సోషలిజం కూడా ఇలాగే ఫెయిలవుతుందన్నది నీతి. దాని కింద నాలుగైదు సూక్తులు. ఇది జరిగిందో లేదో పక్కన పెట్టి, వాదన చూద్దాం.

ముందుగా, పనితో సంబంధం లేకుండా అందరికీ ఒకే జీతం అన్నది సోషలిస్టుల సిద్ధాంతం కాదు. 1875లో గోథా కార్యక్రమం (జర్మన్ కార్మిక పార్టీ ముసాయిదా కార్యక్రమం) మీద మార్క్స్ రాసిన విమర్శలో, కొత్త సమాజపు తొలిదశలో ఎవరి శ్రమను బట్టి వాళ్లకు ప్రతిఫలం ఉంటుందనే చెప్పాడు. చిన్న రచనే, ఒక పూటలో చదివేయొచ్చు. ప్రజాస్వామ్యం ఊసే లేని స్టాలిన్ కాలంలో కూడా సగటు జీతాల పద్ధతి నడవలేదు. జీతాలు సమానం చేయడాన్ని 1931లో ఆయనే తిట్టిపోశాడు. 1936 సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలోనైతే పని చేయనివాడికి తిండి లేదనే రాసుకున్నారు! ఫార్వర్డ్ పంపే పెద్దమనుషులకు ఆ వాక్యం తెగ నచ్చుతుంది.

రెండోది, నా దృష్టిలో అసలైనది: ఆ క్లాసులో రూలు పెట్టిందెవరు? ప్రొఫెసర్ ఒక్కడే. మొదటి పరీక్ష తర్వాత రూలు మార్చుకునే వీలు విద్యార్థులకు ఉందా? లేదు. ప్రజాస్వామ్య సోషలిస్టులు అడిగేదే అది: సంస్థ ఎవరిది, మేనేజర్‌ని ఎవరు ఎన్నుకుంటారు, మిగులు ఎక్కడికి పోతుంది? స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో మొదలైన మోండ్రాగాన్ సహకార సంస్థల్లో సభ్యులైన కార్మికులే యజమానులు, ఒక్కొక్కరికి ఒక్క ఓటు. జీతాలు సమానం కావు, కానీ పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య తేడాకి హద్దు ఉంది. అన్నీ విజయాలే అనను, వాళ్ల గృహోపకరణాల కంపెనీ ఫాగర్ 2013లో దివాలా తీసింది. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగులవి. అంత దూరం ఎందుకు, మన తెలంగాణలోని ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు కూడా 1956లోనే పుట్టింది. దాని యజమానులు రైతులే.

"పని చేయకుండా ఒకరికి దక్కిందంటే, దక్కకుండా మరొకరు పని చేసినట్టే." ఈ సూక్తికి నేనూ చప్పట్లు కొడతాను. దొరల కాలంలో వెట్టిచాకిరీ అంటే అదే కదా. కానీ పంపేవాళ్లు దాన్ని రేషన్ బియ్యం తీసుకునేవాళ్ల మీదికే గురిపెడతారు. తాత కొన్న పొలం పక్కన రింగు రోడ్డు పడి మనవడు కోటీశ్వరుడైతే మాత్రం గుర్తురాదు. మార్కులను వారసత్వంగా ఇవ్వలేం, అద్దెకివ్వలేం, వడ్డీకి తిప్పలేం. ఆస్తితో ఇవన్నీ చేయొచ్చు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవాళ్లు వదిలివెళ్లిన ఆస్తి మీద పన్ను, 1985లో, సంపద పన్ను 2015లో పోయాయి. నెల జీతం మీద పన్ను ఉంది, ఊరికే చేతికొచ్చిన వారసత్వం మీద లేదు.

"పంచితే సంపద పెరగదు" అన్నది ఇంకొకటి. 1978లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి కౌలుదార్ల పేర్లు నమోదు చేసింది. వాళ్లను తీసేయడం కష్టమైంది, సొంత పెట్టుబడి పెడితే పంటలో నాలుగింట మూడు వంతులు వాళ్లవి. దానివల్ల వరి దిగుబడి పెరిగిందని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి చూపించారు. తనకు దక్కుతుందంటే రైతు ఎక్కువ కష్టపడతాడు. ప్రొఫెసర్ కథ చెప్పే నీతి కూడా అదే కదా! నోటి మాట కౌలు మీద నడిచే మన ఊళ్లలో పంట రుణం కూడా దొరకని రైతులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఫార్వర్డ్‌లో ఒప్పుకోవాల్సింది కూడా కొంత ఉంది. పన్ను మరీ ఎక్కువైతే సంపాదించాలన్న ఆసక్తి పోతుంది, ఎగవేత పెరుగుతుంది. 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను పై రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. వందకి రెండు రూపాయల పావలా మిగిలే చోట లెక్క నిజంగా ఎవరు చూపిస్తారు? మరుసటి ఏడాదే దాన్ని 77కి దించారు. రేటు ఎక్కడ ఆగాలన్నది న్యాయమైన ప్రశ్నే, దానిమీద సోషలిస్టులే ఒకరితో ఒకరు గొడవ పడుతుంటారు. సగటు మార్కుల కథతో మాత్రం ఆ ప్రశ్నకి జవాబు దొరకదు.