ప్రాణవాయువు కనబడుటలేదు

మా ఊరి ఉప్పుటేట్లో మళ్లీ చేపలు తేలాయి. కారణమూ ఆ మధ్యాహ్నానికే తేలింది. "నీటిలో ప్రాణవాయువు తగ్గడం వల్లే చేపలు మృతి చెందాయి. ప్రజలు ఆందోళన చెందవద్దు" అని అధికారులు సెలవిచ్చారు.

ఈ ప్రకటన నాకు కంఠతా వచ్చు. ఏటి పేరు, తేదీ మారతాయి తప్ప అక్షరం మారదు. ఒకడి మెడకు ఉరి బిగించి చంపితే, "ఊపిరి ఆడక పోయాడు, తాడును ఎవరూ అనుమానించవద్దు" అని పంచనామా రాసినంత నిజాయితీ ఉంది ఇందులో. చేపకు ప్రాణవాయువు అందలేదన్న సంగతి చేపకు మనకంటే ముందే తెలుసు. ఎందుకు అందలేదన్నదే కదా ప్రశ్న!

ఇక లాభం లేదని నేనే ఒక ప్రకటన రాసుకున్నాను. "కనబడుటలేదు: ప్రాణవాయువు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఇల్లు విడిచిన సమయం తెల్లవారుజాము. వెళ్లేటప్పుడు ఒంటి మీద పచ్చటి పాచి ఉన్నది. ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమానం." పత్రికవారు ఫొటో అడిగారు. అక్కడ ఆగిపోయింది.

అధికారుల దగ్గర మాత్రం అనుమానితుడు సిద్ధంగా ఉంటాడు. అతడు ఆకాశం. నిరుడు మబ్బు పట్టిందన్నారు. అంతకు ముందేడు ఎండలు ముదిరాయన్నారు. ఈసారి అకాల వాన. మబ్బూ ఎండా వానా మూడూ తప్పే అయితే, చేపలు బతకడానికి ఎలాంటి వాతావరణం కావాలో ఒక జీవో ఇస్తే ఆకాశం కూడా అందుకు తగ్గట్టు నడుచుకుంటుంది.

నిజానికి ప్రాణవాయువు ఎక్కడుందో మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. గట్టు అవతల రొయ్యల చెరువుల్లో ఉంది. రాత్రి రెండింటికి వెళ్లి చూడండి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతుంటాయి. కరెంటు పోతే క్షణంలో జనరేటరు అందుకుంటుంది. కాపలా కుర్రాడు టార్చి పట్టుకుని ప్రాణవాయువు కొలిచే మీటరు ముంచి చూస్తాడు. అంకె కాస్త దిగితే యజమానికి ఫోను. పెళ్లికూతురికి జ్వరం వచ్చినా ఇంత హడావిడి ఉండదు. పది అడుగుల గట్టు దాటితే ఏరు. అక్కడ మీటరూ లేదు, కుర్రాడూ లేడు. ప్రాణవాయువుకు గట్టు దాటడానికి అనుమతి లేదన్నమాట.

గట్టు దాటడానికి అనుమతి ఉన్నది ఇంకొకదానికి. రొయ్యల పట్టుబడి అయిపోగానే చెరువు తూము ఎత్తుతారు. తినకుండా కుళ్లిన మేత, రొయ్యల పెంట, అడుగున పేరుకున్న నల్లటి బురద, అన్నీ కలిసి ఏట్లోకి దిగుతాయి. ఎగువ నుంచి ఊళ్ల మురుగు సరేసరి. ఈ ఎరువుకు పాచి ఏపుగా పెరుగుతుంది. పగలు వెలుతురులో ఆ పాచే నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది. పొద్దు గూకాక వదలడం ఆగిపోయి, దానికి పీల్చడం ఒక్కటే మిగులుతుంది. అడుగున కుళ్లు తినే సూక్ష్మజీవులు మిగతాది లాగేస్తాయి. కోడి కూసే వేళకు ఖజానా ఖాళీ. లీటరు నీటిలో 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపకు ఆయాసం, 2 కంటే దిగితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడే అవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. వేసవిలో ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడి, పోటు నీళ్లు లోపలికి రాకపోతే తప్పించుకునే దారి కూడా ఉండదు.

ఇదంతా తెలిసిన శాఖవారు నమూనా తీయడానికి వేంచేసింది ఎన్నింటికి? పదకొండున్నరకు. నెల్లూరులో దోసెలు తిని, దారిలో కొబ్బరినీళ్లు తాగి.

ఆ దృశ్యాన్ని నేను కళ్లారా చూశాను, నా జన్మ ధన్యం. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వాటి పైన షామియానా. అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "వాసన ఏమీ లేదే" అన్నారు. ప్రాణవాయువు కొలిచే నీళ్లను మూతి బిగుతుగా ఉన్న గాజు సీసాలో, బుడగ కూడా చేరకుండా నింపి, మందు కలిపి, అందులోని ప్రాణవాయువు మారకుండా అక్కడికక్కడే కట్టడి చేయాలి. సహాయకుడు తెచ్చింది కూల్‌డ్రింక్ సీసా. బకెట్టుకు తాడు కట్టి ఏట్లోకి విసిరాడు. ధబేలుమంది. పైకి లాగి, టీ కొట్టులో టీ తిరగబోసినట్టు బారెడు ఎత్తు నుంచి సీసాలోకి పోశాడు. నురగ పొంగింది. ఫొటో సరిగా రాలేదని మొదటి సీసా పారబోసి మళ్లీ పోయించారు. ఈసారి ఇంకొంచెం ఎత్తు నుంచి. అలా అక్కడ లేని ప్రాణవాయువును ఆ సహాయకుడు స్వహస్తాలతో తయారుచేశాడు. అతణ్ణి ఉద్యోగం మాన్పించి ఏటి ఒడ్డున నిలబెట్టి రాత్రంతా బకెట్టుతో పోయిస్తే ఒక్క చేప కూడా చచ్చేది కాదు. సీసాను కారు వెనక అద్దం దగ్గర ఎండలో పెట్టుకుని వెళ్లిపోయారు.

వాళ్లు కుర్చీలు మడుస్తున్నప్పుడు ఏట్లో ఒక యానాది ఆమె నడుముకు బుట్ట కట్టుకుని బురదలో చేతులతో తడుముతోంది. మండపీతలు, రొయ్యలు, ఏది దొరికితే అది. పడవ లేదు, వల లేదు, ఆ రెండు చేతులే ఆమె ఆస్తి. గంటకు పైగా తడిమింది. బుట్టలో ఐదు పీతలు, రెండు చచ్చినవి. మోకాళ్ల దాకా ఒరుసుకుపోయిన చర్మం, గోకి గోకి పుండ్లు పడిన పిక్కలు. ఆమెను ఒక్కడు పలకరించలేదు. ఒక్కడు! పట్టుబడి ధర పడిపోతే మంత్రుల దాకా వెళ్లే ఊరు ఇది. ఈమె ఏరు పోతే ఏ కాగితం మీదా నష్టం లెక్క లేదు, ఎందుకంటే ఏరు ఈమెదని ఏ పాసుపుస్తకంలోనూ లేదు. సిగ్గుండాలి మనకు. పులుసు గిన్నె ముందు కూర్చుని నెల్లూరు చేపల గొప్ప చెప్పుకునే నాతో సహా.

పోనీ రొయ్యల రైతులైనా బాగుపడ్డారా? 1994లో తెల్లమచ్చల తెగులు వచ్చినప్పుడు ఒకరు వదిలిన జబ్బు నీళ్లనే పక్కవారు ఇంజనుతో తోడుకుని మరీ తమ చెరువులో పోసుకున్నారు. కోస్తా అంతా గుల్లయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో ఆ సాగును కట్టడి చేస్తూ తీర్పు ఇచ్చింది. 2005లో చట్టం చేసి సాగుకు దారి వేశారు. పెద్ద చెరువులకు మురుగునీళ్లు శుద్ధి చేసే కుంట ఉండాలన్నారు. ఉంది. మా దగ్గర ఒకచోట దరఖాస్తుకు జతచేసిన పటంలో నీలిరంగులో చక్కగా ఉంది. నేలమీద అక్కడ కొబ్బరి మొక్కలు ఉన్నాయి.

నలభై రోజుల తరువాత నివేదిక వచ్చింది. ప్రాణవాయువు లీటరుకు 9.2 మిల్లీగ్రాములు, సంతృప్తికరం. ఆ ఎండకు, ఆ ఉప్పు నీటికి మామూలుగా ఏడు కూడా పట్టదు. తొమ్మిది ఉందంటే అది ఆరోగ్యం కాదు, పాచికి కొవ్వెక్కడం, లేదా కొలత మహిమ. ఆ కాగితం పంచాయతీ గోడకు అతికిస్తుంటే యానాది ఆమె బుట్ట పక్కన పెట్టి, "చదివి చెప్పయ్యా" అంది. చదివాను.

"చేపలు చచ్చిన మాట అందులో లేదా అయ్యా?"

అంటించేవాడి చేతిలోంచి కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. జిగురు ఉంది.