కూల్ రూఫ్‌లో నాన్న పంచె

మల్కాజిగిరిలో మాది 120 గజాల్లో కట్టిన పాత డాబా ఇల్లు. ఏప్రిల్ వచ్చిందంటే మా స్లాబ్ పగలంతా ఎండని మింగి కూర్చుంటుంది. రాత్రి పదింటికి, మేం పక్కలు వేసుకున్నాక, తీరిగ్గా మా మీదకి కక్కడం మొదలెడుతుంది. ఫ్యాన్ వేస్తే హెయిర్ డ్రయ్యర్ కింద పడుకున్నట్టుంటుంది. ఏసీ వేస్తే మీటరు 200 యూనిట్లు దాటుతుంది. దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. అందుకే మా ఇంట్లో నెలాఖరు వారమంతా ఏసీ రిమోట్ నాన్న దిండు కింద ఉంటుంది.

అలాంటి రోజుల్లో నాకు కూల్ రూఫ్ పిచ్చి పట్టింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది. ఐదేళ్లలో రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల్ని చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే కావాలని లక్ష్యం. ఎండని వచ్చిన దారినే తిప్పి పంపే తెల్ల రంగో, తెల్ల టైల్సో, పైన పరిచే పొరో, ఏదైనా ఫరవాలేదు. కొత్తగా కట్టే ఇళ్లకైతే 600 గజాలు, ఆ పైన స్థలం ఉన్నవాళ్లకే తప్పనిసరి. మాలాంటి వాళ్లకి ఇష్టమైతేనే. తప్పనిసరిగా కట్టాల్సిన ఇంటి పన్నుని చివరి తేదీ దాకా కట్టని నేను, ఇష్టమైతేనే అనగానే లేచి కూర్చున్నాను.

"మన హైదరాబాద్‌లోనే, దేవరకొండ బస్తీలో 2017లోనే పాతిక ఇళ్లకి వేసి చూశారు నాన్నా. లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గిందట" అన్నాను.

"ఎంతవుతుంది?"

చెప్పాను.

"అంటే డిగ్రీకి అందులో సగం" అని నాన్న మళ్లీ పేపర్లో తల దూర్చారు.

అమ్మ అయితే అసలు ఆశ్చర్యపోలేదు. "మా పుట్టింట్లో ఏటా ఉగాదికి ముందు డాబాకి సున్నం కొట్టించేవారురా. పాలసీ అని పేరు పెట్టుకోలేదంతే."

పనివాళ్లని పిలిస్తే ఖర్చని నేనే రంగంలోకి దిగాను. రంగుల షాపతను బకెట్లు ఆటోలో పెడుతూ వరసగా అప్పజెప్పాడు. ముందు పాచి గీకి కడగాలి. ఆరాక ప్రైమర్. తర్వాత రెండు కోట్లు, మధ్యలో ఆరు గంటల గ్యాప్. "సెకండ్ కోట్ అయినాక ఒక రోజంతా దాని మీద ఎవర్నీ నడవనీయకండి సార్." అన్నీ తు.చ. తప్పకుండా చేశాను. రెండో కోటు శనివారం రాత్రి పదకొండింటికి, సెల్‌ఫోన్ టార్చి నోట్లో కరుచుకుని పూర్తి చేశాను. కిందికి దిగేసరికి ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నారు. ఆ ఆఖరి మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆ శనివారం రాత్రే వంటింట్లో ఇంకో ప్రాజెక్టు నడుస్తోందని నాకు తెలియదు. బూడిద గుమ్మడికాయ కోరి, ఉప్పు వేసి, గుడ్డలో మూటగట్టి, నీళ్లు దిగడానికి దాని మీద పొత్రం ఎత్తి పెట్టింది అమ్మ. పక్కన గిన్నెలో మినప్పప్పు నానుతోంది. నాన్న బీరువాలోంచి అంచు చిరిగిన పంచె ఒకటి తీసి సిద్ధంగా ఉంచింది. అసలు వడియాల పిండి ముందు ఏ పాలసీ అయినా ఆగాల్సిందే. రుబ్బాక అది ఎవరి కోసమూ ఆగదు, పులుస్తుంది.

ఆదివారం తొమ్మిదింటికి లేచి వస్తే అమ్మ పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. పాదాలు తెల్లగా ఉన్నాయి.

"డాబా అద్దంలా ఉందిరా. వడియాలు పెట్టేశాను."

మూడు అంగల్లో మెట్లెక్కాను. తెల్లటి డాబా మధ్యలో నాన్న పంచె. నీళ్లలో తడిపి, పిండి, నాలుగు మూలలా ముడత లేకుండా లాగి పరిచింది. దాని మీద వరసలు తప్పకుండా వడియాలు. మెట్ల దాకా అమ్మ అడుగులు శ్రీకృష్ణాష్టమి ముగ్గులా ఉన్నాయి. పంచె అంచు పట్టి లేపబోయాను. రాలేదు.

"వడియం ఎండేదాకా కదపకు!" అని కింద నుంచి కేక.

ఎండటం మాత్రం అద్భుతంగా ఎండాయి. పైనుంచి ఎండ, కింద నుంచి దాని ప్రతిఫలం. కాపలాకి నేను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే, పక్క అపార్టుమెంటు బాల్కనీలోంచి ఒకావిడ, "కళ్ల ఆపరేషన్ ఎప్పుడైంది బాబూ?" అని పరామర్శించింది. కాకి ఒకటి దిగి, నాలుగు అడుగులు వేసి, మనసు మార్చుకుని ఎగిరిపోయింది.

సోమవారం సాయంత్రం అసలు కష్టం మొదలైంది. వడియాలు ఒలిచే పద్ధతి మీకు తెలిసిందే. గుడ్డని తిరగేసి, వెనక నీళ్లు చిలకరిస్తే వడియం దానంతటదే ఊడి వస్తుంది. ఇక్కడ తిరగేయడానికి గుడ్డ ఏదీ? దాని వెనక భాగం మా ఇల్లు.

అట్లకాడతో గీకాం. సగం వడియాలు వచ్చాయి, సగం నుగ్గయ్యాయి. పంచె లాగితే రంగు లేస్తోంది, వదిలేస్తే పంచె పోతోంది. నాన్న వచ్చి ఎర్ర అంచు చూసి గుర్తుపట్టారు.

"ఇది భద్రాచలం కల్యాణానికి కట్టుకున్నది."

"చిరిగిందిగా" అంది అమ్మ.

"అంచే కదా చిరిగింది!"

"ఏమండీ, ఆ షాపతన్నే అడగండి" అని మా ఆవిడ ఫోన్ తెచ్చిచ్చింది. ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో బుర్ర వాడిన మనిషి తనొక్కతే. అంతా విని షాపతను ఏ మాత్రం కంగారు పడలేదు. "కాటన్ బట్టనా సార్? ఏం కాదు. మేం పగుళ్ల మీద ఫైబర్ మెష్ పరిచి కోట్ వేస్తాం, ఇదీ అట్లనే అనుకోండి. తీయకండి. దాని మీదనే ఇంకో రెండు కోట్లు కొట్టేయండి."

కొట్టేశాను. నాన్న మెట్ల మీద నిలబడి, ఎర్ర అంచు పూర్తిగా మాయమయ్యేదాకా చూసి దిగిపోయారు.

వారం తర్వాత హాల్లో గోడ థర్మామీటరు, మధ్యాహ్నం మూడింటికి 36 చూపించేది, 34 దగ్గర ఆగింది. నాన్న దాన్ని రెండు సార్లు తట్టి చూశారు. ఏమీ అనలేదు. రాత్రి రిమోట్ మాత్రం దిండు కింద నుంచి టీవీ పక్కకి వచ్చింది.

జూలైలో వానలు పడ్డాయి. ఏటా కారే చోట్లు మాకు రెండు, హాలు మధ్యలో ఒకటి, వంటింట్లో ఒకటి. వంటింట్లో బకెట్ పెట్టాం. హాల్లో చుక్క పడలేదు. అమ్మ కాసేపు హాలు కప్పు వైపు, కాసేపు బకెట్ వైపు చూసి, "వంటింటి మీద కూడా ఒకటి పరిస్తే సరిపోతుందేమోరా" అంది.

ఆ సాయంత్రం నుంచి నాన్న బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతోంది.