ఆ రాత్రిని ముక్కలు చేయకండి

"సిరీస్ చూడకుండా వెళ్తే ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇదేం సినిమా?" డీమన్ స్లేయర్ అనే జపాన్ అనిమే (యానిమేషన్) సిరీస్‌కి కొనసాగింపుగా తీసిన సినిమా ఇన్ఫినిటీ కాజిల్ 2025 సెప్టెంబర్‌లో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకొచ్చినప్పటి నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. మొదట్లో ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. ఇదీ, అదే సిరీస్ నుంచి ముందు వచ్చిన ముగెన్ ట్రైన్ సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కథంతా చెప్పేస్తా.

అర్థం కాదు, నిజమే. కానీ అది సినిమా తప్పు కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో రాయబారం నాటకం వేసేవాళ్లు. కర్ణుడు ఎవరి కొడుకో, కౌరవులకీ పాండవులకీ ఎక్కడ చెడిందో ఎవరూ ముందు కూర్చోబెట్టి చెప్పరు. తెర లేవగానే పద్యం అందుకోవడమే. చాపల మీద కూర్చున్న వాళ్లందరికీ వెనక జరిగిందీ తెలుసు, ముందు జరగబోయేదీ తెలుసు. అలా తెలిసి ఉండటం వల్లే ఆ పద్యం గుండెకి తగులుతుంది. తెలిసిన కథని తెలిసినవాళ్ల మధ్య చూడటం మనకేం కొత్త కాదు కదా, మరి జపాన్ వాళ్లు చేస్తే ఎందుకు తప్పు పడతాం?

నేను చిన్నప్పటి నుంచి అనిమే సినిమాలు చూస్తున్నా. సిరీస్ బాగా ఆడితే దాని పేరు మీద ఓ సినిమా తీయడం అక్కడ ఎప్పటి నుంచో ఉంది. డ్రాగన్ బాల్ జీ సినిమాల్నే తీసుకోండి. చాలావాటిలో కొత్త విలన్ ఒకడు ఊడిపడతాడు, హీరోలు చావు అంచుదాకా వెళ్లొస్తారు, చివరికి అంతా ఎప్పట్లాగే. సిరీస్‌లో తర్వాత ఎక్కడా దాని ఊసుండదు. నరుటో, వన్ పీస్ సినిమాల్లోనూ ఇలాంటివి బోలెడు. అన్నీ అలాంటివే అనను, కొన్ని నాకు చాలా ఇష్టం. కానీ చూస్తున్నంతసేపూ మనసులో ఒక మూల తెలుస్తూనే ఉంటుంది, ఇక్కడ ఎవరికీ ఏమీ కాదని.

2020 అక్టోబర్ 16న జపాన్‌లో విడుదలైన ముగెన్ ట్రైన్ ఆ ధీమాని తీసేసింది. యూఫోటేబుల్ స్టూడియో, దర్శకుడు హరువో సొతొజాకి. 2019లో వచ్చిన 26 ఎపిసోడ్ల మొదటి సీజన్ ఎక్కడ ఆగిందో సినిమా సరిగ్గా అక్కడే అందుకుంటుంది. రాక్షసుల్ని వేటాడే హీరో తాంజిరో తన చెల్లెల్ని పెట్టెలో పెట్టి వీపున ఎందుకు మోస్తున్నాడో చెప్పరు. అతని స్నేహితుడు ఇనోస్కే తలకి ఆ పందిముఖం ఏంటో చెప్పరు. ఎక్కారు, రైలు కదిలింది, అంతే. చూసేవాళ్ల మీద ఎంత నమ్మకం ఉంటే అలా తీస్తారు! ఆ నమ్మకానికి జనం ఏం బదులిచ్చారో చూడండి. 10 రోజుల్లో 1,000 కోట్ల యెన్లు. 2001 నుంచి ఎవరూ కదపలేకపోయిన స్పిరిటెడ్ అవే సినిమా వసూళ్ల రికార్డు ఆ డిసెంబర్‌లోనే చెదిరిపోయింది. జపాన్‌లో మొత్తం వసూళ్లు 4,000 కోట్ల యెన్లు దాటాయి. కరోనా వల్ల పోటీకి పెద్ద హాలీవుడ్ సినిమాలు లేకపోవడం కలిసొచ్చింది, కాదనను. కానీ పోటీ లేనంత మాత్రాన మనుషులు మాస్కులు పెట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లి ఏడ్చి రారు.

వెళ్లింది రెంగోకు కోసం, రాక్షసుల్ని వేటాడే దళంలో పెద్ద యోధుడాయన. సిరీస్‌లో ఆయన కనిపించింది కాసేపే. సినిమాలో రైలెక్కేసరికి డబ్బాల మీద డబ్బాలు తింటూ, ప్రతి ముద్దకీ "ఉమాయ్!" అని బోగీ అదిరేలా అరుస్తుంటాడు. మన భాషలో "భలే ఉంది!" అని. అక్కడి నుంచి తెల్లవారేదాకా ఒక్కటే రాత్రి. ఎన్ము అనే రాక్షసుడు అందరికీ కమ్మని కలలిచ్చి నిద్రపుచ్చుతాడు. తాంజిరో కలలో చచ్చిపోయిన అమ్మ, తమ్ముళ్లు, చెల్లెళ్లు మళ్లీ మంచులో బతికి తిరుగుతుంటారు. వాళ్లని వదిలి, ఏడుస్తూ పరుగెత్తి, కలలో తన మెడ తానే కోసుకుంటే గానీ మెలకువ రాదు. ఆ తర్వాత రైలు మొత్తం రాక్షసుడైపోతే, ఉన్న 200 మంది ప్రయాణికుల్లో ఒక్కరినీ పోనివ్వరు. హమ్మయ్య అనుకుంటుండగా అంతకన్నా బలమైన రాక్షసుడు అకాజా దిగుతాడు. నువ్వూ రాక్షసుడివైపో, వందల ఏళ్లు బతకొచ్చు అని రెంగోకుతో అంటాడు. రెంగోకు ఒప్పుకోడు. బలంగా పుట్టినవాడు బలహీనుల్ని కాపాడాలని చిన్నప్పుడు అమ్మ చెప్పింది, ఆ మాట మీదే నిలబడి రాక్షసులు తట్టుకోలేని సూర్యుడు వచ్చేదాకా పోరాడి, చనిపోయిన అమ్మ కళ్ల ముందు కనిపిస్తే చిన్నపిల్లాడిలా నవ్వి చచ్చిపోతాడు. పారిపోతున్న అకాజా వెనక తాంజిరో గొంతు చించుకుని అరుస్తాడు, రెంగోకు ఓడిపోలేదని, ఒక్కరినీ చావనివ్వలేదని. నేను లాప్‌టాప్‌లో, తమ్ముడి పక్కన కూర్చుని చూశా. పాట అయిపోయి పేర్లన్నీ వెళ్లిపోయినా ఇద్దరం కదల్లేదు.

ఇది సినిమాగానే రావాల్సిన కథ అని నేను పట్టుబట్టేది అందుకే. సాయంత్రం ఎక్కిన రైలు, మధ్యలో ఎక్కడా ఆగదు, దిగేసరికి తెల్లారింది. చూసేవాడు కూడా దిగకూడదు. కానీ 2021లో ఇదే కథని టీవీ కోసం మళ్లీ కోశారు. మొదట రెంగోకు మీద ఒక కొత్త ఎపిసోడ్ పెట్టి, మిగతా సినిమాని ఆరు భాగాలు చేశారు. ఆ కొత్త ఎపిసోడ్ బాగుంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ అకాజా వచ్చి నిలబడ్డాక మధ్యలో పాట, పేర్లు, వారం రోజుల విరామం! ఆ రాత్రి బిగువంతా సడలిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దయచేసి సినిమానే చూడండి. లైట్లు ఆపేసి, ఒకే కూర్చోవడంలో.

ఇన్ఫినిటీ కాజిల్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సినిమాగా చూస్తే ముగెన్ ట్రైనే గట్టిది. మూడు భాగాల్లో ఇది మొదటిది, 155 నిమిషాలు, ఒక పోరాటం నుంచి ఇంకో పోరాటానికి దూకుతూ పోతుంది. దళంలోని మరో యోధురాలు షినోబు పోరాటం అంత గొప్పగా ఉండి కూడా మధ్యలో ఊపిరి తీసుకునే చోటు లేక నలిగిపోయింది. కానీ "ఆ అకాజా ఫ్లాష్‌బ్యాక్ సాగదీశారు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. అయిదేళ్లు మేం అకాజాని ద్వేషించాం. ఆ ద్వేషం కరగాలంటే ఆ మాత్రం సమయం కావాలి. జబ్బుపడ్డ నాన్న మందుల కోసం జేబులు కొట్టి, దొరికిపోయి, చేతుల మీద దొంగ అని పచ్చబొట్లు పొడిపించుకున్న కుర్రాడు. రాక్షసుడు కాకముందు అకాజా అతనే, అప్పటి పేరు హకుజి. కోయుకి అనే పిల్లకి రాత్రింబవళ్లు సేవ చేసి, పెళ్లి కుదిరాక, పక్క వాళ్లు బావిలో విషం కలిపితే ఆ పిల్లనీ, గురువునీ పోగొట్టుకున్నాడు. అకాజా పోరాడేటప్పుడు కాళ్ల కింద వెలిగే ఆ మంచుపువ్వు గుర్తుందా? అది కోయుకి తల్లో పెట్టుకున్న పువ్వు ఆకారం. ముగెన్ ట్రైన్‌లోనే అది మన కళ్ల ముందుంది, మనకి తెలియలేదు! విడిగా నిలబడే సినిమా ఇలాంటిది ఎలా చేయగలదు?

నేనూ తమ్ముడూ అమ్మని కూడా తీసుకెళ్లాం, తెలుగులో ఉంది కదా అని. ఇంటర్వెల్‌లో "ఎవరు ఎవర్ని కొడుతున్నార్రా?" అంది. హకుజి కథ దగ్గర మాత్రం కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. మేమూ ఏడ్చాం, కానీ మా ఏడుపు వేరు. మా ఇద్దరికీ ఎదురుగా ఉన్నవాడు రెంగోకుని చంపినవాడు.

ఇంటికొచ్చాక "మీరు ఆ చచ్చిపోయినాయన గురించి అంటున్నారే, ఆయనెవరు?" అని అడిగింది. ఆ ఆదివారం ముగెన్ ట్రైన్ పెట్టాం. డైలాగులు తమ్ముడు తెలుగులో చెబుతూ పోయాడు. రెంగోకు కడుపులోంచి అకాజా చెయ్యి బయటికొచ్చినప్పుడు నేను మళ్లీ పళ్లు బిగించా. అమ్మ టీవీ వైపే చూస్తూ, "నాన్న మందుల కోసం దెబ్బలు తిన్న పిల్లాడేగా వీడు, ఎలా అయిపోయాడ్రా" అంది.